కిర్రు కాదు, టక్కు

దిగుడు ఇంకా అర కిలోమీటరు ఉందనగానే ఓబిలేష్ పాట ఆపేశాడు. కిటికీ అద్దం పూర్తిగా దించాడు. ఒక చెవి బయటికీ ఒక చెవి లోపలికీ పెట్టి బండి నడపడం ఈ పది రోజుల్లో అతనికి అలవాటైంది. పికప్పు వెనక తొట్టిలో పద్నాలుగు మంది ఆడవాళ్లు అంచులు పట్టుకుని కూచున్నారు. చీనీ తోటలో బత్తాయి కాయలు కోసే కూలీలు. వాళ్ల మాటలు, నవ్వులు, టిఫిన్ గిన్నెల చప్పుడు గాలికి ముందుకొస్తున్నాయి.

ఎనుముల దిగుడు దగ్గర రోడ్డు రెండు మెలికలు తిరుగుతుంది. మొదట ఎడమకి, వెంటనే కుడికి. కింద వంక. వంక మీద బ్రిడ్జికి గోడ లేదు. ఎప్పుడో ఉండేదని చెప్పడానికి రెండు ఇనుప కమ్మీలు మాత్రం నిలబడి ఉన్నాయి.

ఓబిలేష్ రెండో గేరులోకి దించి స్టీరింగు ఎడమకి తిప్పాడు. చక్రం ఒక గుంతలో పడి లేచింది.

టక్.

చప్పుడు పెద్దదేం కాదు. కానీ అది చెవికంటే ముందు అరచేతికి తెలిసింది, స్టీరింగు లోపలినుంచి ఎవరో వేలితో తట్టినట్టు. అదే క్షణంలో వెనక తొట్టిలో మాటలు ఆగిపోయాయి. అతన్ని భయపెట్టేది అదే. పద్నాలుగు మంది ఒకేసారి నోరు మూసుకోవడం.

కుడికి తిప్పాడు. టక్. ఈసారి స్టీరింగు చేతుల్లో ఉట్టినే గిర్రున తిరుగుతుందేమో, కింద చక్రాలు మాత్రం వాటి దారిన అవి కమ్మీల వైపు పోతాయేమో అనిపించింది. బ్రిడ్జి దాటాక మోకాలి మీది తుండుతో అరచేతులు తుడుచుకున్నాడు.

తోట దగ్గర అందరూ దిగారు. కూలీల మేస్త్రి సిద్దమ్మ మాత్రం దిగి నేరుగా తోటలోకి పోకుండా డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. అరవైకి దగ్గర వయసు, నెత్తిన తుండుగుడ్డ.

"ఓబిలేసూ, ఈ బండి మాట్లాడతాంది నాయనా."

"పీరన్న తావ చూపించినా గదక్కా. కొత్త సామాను ఏయించినా."

"ఏయించినాక గూడా మాట్లాడతాందే."

వెనకనుంచి ఈశ్వరి అందుకుంది. మొన్న మాఘంలో ఆ ఊరికి కోడలై వచ్చిన పిల్ల. "మా అత్త రోజూ దేవునికి దండం పెట్టుకోని ఎక్కమంటాందక్కా. చీనీకాయలు కోసేదానికి పోతాండామా, కాశీకి పోతాండామా?"

ఆడవాళ్లు నవ్వారు. సిద్దమ్మ నవ్వలేదు.

"సోమవారం దాకా చూస్తాం. అప్పటికి ఈ టక్కు పోలేదంటే భరత్ బండి ఎక్కుతాం. నీ మీద కోపం లేదప్పా. పద్నాలుగు ఇండ్ల పొయ్యిలు ఈ తొట్టిలో ఉండాయి."

ఓబిలేష్ తలూపాడు. జూలై సగం గడిచినా వాన చినుకు లేదు. వేరుశనగ విత్తనం సంచుల్లోనే ఉంది. వాన లేని ఏడాది ఈ మండలంలో పికప్పుకు దొరికే పని బోరు నీళ్లున్న చీనీ తోటల దగ్గరే. ఈ ట్రిప్పు పోతే బండి వాకిట్లో నిలబడాల్సిందే, తనూ దాని పక్కన నిలబడాల్సిందే. ఆ రోజు బుధవారం.

పీరా షెడ్డు బెళుగుప్ప రోడ్డు మీద కానుగ చెట్టు కింద ఉంది. నాలుగు రేకులు, ఇనుప సామాను బిగించే ఒక వైసు, పక్కనే చిన్నక్క టీ అంగడి. అసలు పేరు ఖాజాపీరా. యాభై దాటాయి. కళ్లజోడు కాడ విరిగితే దారం కట్టుకుని తిరుగుతున్నాడు.

"ఏం సౌండప్పా?" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"సౌండన్నా! ముందర వచ్చింది గదా. అదే మళ్లా వస్తాంది."

"అదేనా?"

"అదే."

"ఎట్లా వస్తాందో నోటితో అను చూద్దాం."

"నోటితో అనేదానికి నేనేమన్నా మిమిక్రీ చేసేటోన్నా? స్టీరింగు తిప్పితే సౌండు వస్తాంది. అంతే."

పీరా జాకీ పెట్టి ముందు చక్రాలు లేపాడు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపాడు. తర్వాత రెండు పక్కలా పట్టుకుని ఊపాడు. కదల్లేదు. తను పది రోజుల కింద వేసిన రాడ్ ఎండును, స్టీరింగును చక్రానికి కలిపే ఆ కీలును, ఇనుప కమ్మీతో ఎత్తి చూశాడు. గట్టిగా ఉంది. బండి దించి, తానే తోలుకుని కల్యాణదుర్గం రోడ్డున ఒక మైలు పోయి వచ్చాడు. పక్కన ఓబిలేష్ చెవులు రిక్కించి కూచున్నాడు. రెండు స్పీడు బ్రేకర్లు ఎక్కి దిగారు. ఖాళీ బండి గుమ్మనకుండా పోయి గుమ్మనకుండా వచ్చింది.

"రాలేదు గదప్పా," అన్నాడు పీరా.

చప్పుడు రాకపోవడంతో ఓబిలేష్‌కు ఒళ్లు మండింది. పొద్దున పద్నాలుగు మంది విన్నది అబద్ధమా? తన అరచేతులు అబద్ధమా?

"రాదులే. నువ్వు తోలితే ఎందుకొస్తాది? కొత్త సామాను అని చెప్పి పాత దాన్నే కడిగి ఏసినావు, అదీ సంగతి."

టీ అంగడి దగ్గర ఇద్దరు ముగ్గురు తల తిప్పి చూశారు. చిన్నక్క గ్లాసులు కడగడం ఆపింది. పీరా కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఆ అంచుకు గ్రీజు ఉంది; అద్దాలు ఇంకా మసకబారాయి.

"పాతది సంచిలో ఏసి నీకే ఇచ్చినా గదా ఓబిలేషూ."

"ఏదో ఒకటి ఇచ్చినావులే. షెడ్డు నిండా అవే గదా ఉండేది."

పీరా వంగి, తను విప్పని చక్రాల నట్లు కూడా ఒక్కొక్కటీ మళ్లీ పానా వేసి బిగించి చూశాడు. నాలుగు చక్రాలూ చూసి, లేచి, చేయి ఊపాడు. పో అన్నట్టు.

వంద గజాలు పోయాక ఓబిలేష్ బండి పక్కకు ఆపి ఫోన్ తీశాడు. డ్రైవర్ల గ్రూపు ఒకటి ఉంది, మూడు మండలాల బండ్లవాళ్లు అందులో ఉన్నారు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని నలభై ఒక్క సెకండ్లు మాట్లాడాడు. "అన్నలారా, బెళుగుప్ప పీరా తావకి ఎవురూ పోవద్దండి. డూప్లికేట్ సామాను ఏసి మనుషుల ప్రాణాలతో ఆడతాండాడు..." వదిలాక ప్రాణం కొంచెం తేలికైంది. ఇల్లు చేరేలోపు పామిడి డ్రైవరెవరో బొటనవేలు బొమ్మ పెట్టాడు.

తేలిక మర్నాటి దాకా కూడా నిలవలేదు. గురువారం దిగుట్లో మూడుసార్లు టక్‌మంది. శుక్రవారం లెక్క మరిచిపోయాడు. బండి స్పీడు ఎంత తగ్గించాడంటే, వెనకనుంచి సైకిలు మీద వచ్చిన పాలాయన గంట కొట్టి దాటిపోయాడు. రాత్రి కంచం ముందు కూచుంటే భార్య సునంద అతని చేతుల వైపు చూసి, "కంచాన్ని రెండు చేతుల్తో పట్టుకోని తిప్పుతాండావు. అన్నం యాడికి తోలుతావు?" అంది. చూసుకుంటే నిజమే.

వాకిట్లో మంచం మీదనుంచి నాయన ఎర్రన్న అడిగాడు. "ఇంకా ఏడుస్తాందా బండి?"

"నీకెందుకులే నాయనా."



ఆ శుక్రవారమే పొద్దున కూలీలను దించి నేరుగా కల్యాణదుర్గం పోయాడు. అక్కడ మెకానిక్ పెద్ద షెడ్డువాడు, కిందికి దూరడు, గుంతలో దిగి పైకి చూస్తాడు. టార్చి వేసి అటూ ఇటూ చూసి, "స్టీరింగు బాక్సే పోయింటాదప్పా. మొత్తం మార్చాల," అన్నాడు.

"పోయింటాదా, పోయిందా?"

"మార్చి చూస్తేనే గదా తెలిసేది." మళ్లీ టార్చి వేశాడు. "ఈ రాడ్ ఎండు ఎవురేసినారో గాని, మంచి సరుకే. దీన్ని మటుకు పీకొద్దు."

ఓబిలేష్ గుంత అంచుకు వంగాడు. "డూప్లికేట్ కాదా?"

"కండ్లు కనపడ్తాండాయి గదా నాకు. కంపెనీ అచ్చు చూడు. అసలుదే."

వచ్చే దారిలో పీరా షెడ్డు ముందు బండి దానంతట అదే నెమ్మదించింది. రోజూ రెండు మూడు బండ్లుండే చోట ఒక్కటీ లేదు. పీరా టైరు మీద కూచుని, కింద గోనెపట్టా మీద నట్లు పోసుకుని, పెద్దవీ చిన్నవీ వేరుచేసి డబ్బాల్లో వేస్తున్నాడు. పనిలేనివాడు మాత్రమే చేసే పని అది. తలెత్తి చూశాడు. ఓబిలేష్ గేరు మార్చి ముందుకు పోయాడు.

శనివారం తోటలో లోడు పన్నెండింటికే అయిపోయింది. ఆడవాళ్లు ఎక్కుతుంటే ఓబిలేష్ సిద్దమ్మను పక్కకు పిలిచాడు.

"అక్కా, రెండు తావుల చూపించినా. పీరన్న తోలితే సౌండు రాదు. కల్యాణదుర్గమోడు బాక్సే మార్చమంటాడు. అది మార్చినా పోతాదని నమ్మకం లేదు. సోమవారానికి నేనేం చేసేది?"

సిద్దమ్మ అతని మొహం వైపు కాసేపు చూసింది. "నువ్వు ఖాళీ బండి తీస్కపోయినావా, నిండు బండి తీస్కపోయినావా?"

"ఖాళీదే గదా."

"మేం కూచుంటేనే గదప్పా అది టక్కుమనేది! ఖాళీ బండి ఎందుకంటాది? పద, పీరా తావకే పద. మేమూ వస్తాం."

"పీరన్న తావకి వద్దక్కా..."

"ఎందుకొద్దు?"

అతను చెప్పేలోపే ఆమె తొట్టి ఎక్కేసింది.

నిండు బండి వచ్చి ఆగినా పీరా టైరు మీదనుంచి లేవలేదు. ఓబిలేష్ దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తొట్టిలోంచి సిద్దమ్మే గొంతెత్తింది.

"పీరా, మేం బరువు తెచ్చినాం. ఇప్పుడు చూడు బండిని."

పీరా ఆమెను చూశాడు, ఓబిలేష్‌ను చూడలేదు. లేచాడు. "మెల్లగ తోలమను. మనిషి నడిచినట్ల పోవాల. ఎడమకి తిప్పి బ్రేకరు ఎక్కించమను," అన్నాడు ఆమెతోనే.

బండి కదిలింది. పీరా ముందు చక్రం పక్కనే వంగి నడిచాడు, ఒక అరచేయి బానెట్ పక్కన ఆనించి, గర్భిణి పొట్ట మీద మంత్రసాని చేయి పెట్టినట్టు. బ్రేకరు ఎక్కింది. దిగింది.

టక్.

"ఆపు."

ఓబిలేష్ బ్రేకు తొక్కాడు. విన్నాడు! ఇంకొకడు విన్నాడు!

పీరా ఆలోచిస్తూ నిలబడ్డాడు. "ఇది మొదట్నుంచీ ఇట్లే టక్కుమంటాందా సిద్దమ్మా?"

"యాడిది! ఉగాదప్పుడు కిర్రుమంటాండె."

"గానుగ తిరిగినట్ల," అంది ఒకామె.

"గానుగ కాదక్కా, కొత్త చెప్పులేస్కోని పెండ్లికి పోయినట్ల," అని ఈశ్వరి నోటితో కిర్... కిర్... అని చేసి చూపించింది. చిన్నక్క టీ అంగడిలోంచి నవ్వింది.

"అది నెల దినాలుండె," అంది సిద్దమ్మ. "తర్వాత అదే నిలిచిపోయింది. మేమూ సుఖంగా ఉంటిమి. ఆషాఢం వచ్చినాక టక్కు పట్టుకుంది."

"మధ్యలో ఆగిపోయిందా?"

"ఆగిపోయింది."

పీరా అప్పుడు మొదటిసారి ఓబిలేష్ వైపు తిరిగాడు. "అదే సౌండు అంటివే?"

ఓబిలేష్ తల దించుకున్నాడు. తన దగ్గర ఉన్నది ఒకటే మాట. కిర్రుకూ అదే, టక్కుకూ అదే. వెనక కూచున్నవాళ్ల దగ్గర రెండు మాటలున్నాయి. వాళ్లను ఎవరూ అడగలేదు.

"కిర్రు అంటే రబ్బరు ఎండినట్ల," అన్నాడు పీరా, ఎవరికీ అని కాకుండా. "దానితో భయం లేదు. ఏండ్లు తిరుగుతాది. టక్కు అంటే ఇనుము పోయి ఇనుముకు తగిలినట్ల. మరి మధ్యన ఉండే రబ్బరు ఏమైనట్లు?"

గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. ఈసారి స్టీరింగు జోలికే పోలేదు. చక్రాన్ని చట్రానికి పట్టి ఉంచే అడుగు చెయ్యి ఒకటుంటుంది. అది చట్రంలో కూచునే చోట కదలికకు మెత్తగా ఉండాలని రబ్బరు బుష్షు దిగ్గొట్టి ఉంటారు. ఆ సందులో కమ్మీ పెట్టి కొంచెం ఎత్తాడు. చెయ్యి వేలెడు కదిలింది. రబ్బరు ఉండాల్సిన చోట నీళ్లలో నానిన ఖర్జూరపు పండులాంటిది ఏదో ఉబ్బి, చిట్లి, బయటికి వచ్చి ఉంది. పీరా వేలితో దాన్ని తీసి బయటికి వచ్చాడు. రెండు వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. నల్లటి నూనె. నూనెలో బూడిద, ఎడ్లబండి ఇరుసుకు పూసే రకం.

"ఇదెవురు పూసినారు?"

"ఎర్రన్న కందెన గదా," అంది సిద్దమ్మ, అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు. "మేం వచ్చేటప్పటికి రోజూ బండి కింద దూరి ఉంటాడు. సీసా, కోడి ఈక పెట్టుకోని. కొడుకే చెప్పింటాడులే అనుకొంటిమి."

ఓబిలేష్‌కు నాయన చేతులు గుర్తొచ్చాయి. రోజూ పొద్దున తను లేచి బండి దగ్గరికి వచ్చేసరికి నాయన అరుగు మీద కూచుని చేతులు మట్టితో రుద్దుకుంటూ ఉండేవాడు. ఎందుకని తను అడగలేదు.

పీరా వేళ్లు గుడ్డకు తుడుచుకున్నాడు. "నూనె నా డబ్బాలోదే," అన్నాడు మెల్లగా. "గుంజలకు చెదలు పడతాండాయి, ఇంజనులో తీసిన నూనె ఉంటే ఇయ్యి పీరా అంటే నేనే సీసాకు పోసిచ్చినా. ఇనుప ఇరుసుకు మంచిదే. రబ్బరుకు ఇసం."

"ఇరిగిపోయేదా అన్నా?" అన్నాడు ఓబిలేష్.

"నిన్నా మొన్నా ఇరిగేది కాదు. ఇంకో నెల ఇట్లే దిగుడు దిగింటే నేను చెప్పలేను." పీరా బండి తాళం కోసం చేయి చాపాడు. "ఈన్నే పెట్టిపో. బుష్షులు రేపు పొద్దున అనంతపురం బస్సులో పంపమంటా."

అంతే అన్నాడు. ఓబిలేష్ ఇంకో మాట కోసం నిలబడ్డాడు. పీరా అప్పటికే జాకీ తెచ్చుకుంటున్నాడు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి ఎర్రన్న చింతపుల్లలు విరుస్తున్నాడు. దారంతా ఓబిలేష్ నోట్లో తయారుచేసుకున్న మాటలు ఆ చేతులు చూశాక వెనక్కి పోయాయి. గోళ్ల చుట్టూ నల్లగా నూనె ఇంకిపోయి ఉంది.

"బండి యాడరా?"

"పీరన్న తావ. నాయనా, బండికి కందెన ఎందుకు పూసినావు?"

ముసలాయన పుల్ల పక్కన పెట్టాడు. "ఏం, కిర్రుమనేది నిలిచిపోయిందా లేదా?"

"నిలిచిపోయింది."

"మరి! నువ్వు రోజూ సౌండు సౌండని తిండి తినకుంటివి. బండి అట్ల ఏడుస్తాంటే నూనె పెట్టకుండా ఎట్లుండేది? మళ్లా ఏదో మొదలైందంటే ఇంకా నిండుగ పూస్తాండా."

"అదే రబ్బరును తినేసింది నాయనా. చక్రం ఊడేదానికి వచ్చింది."

ఎర్రన్న కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. ఆ అర్థం కావడం మొహం మీద మెల్లగా, నీడ జరిగినట్టు జరిగింది. "పద్నాలుగు మంది," అన్నాడు. లేచి, గోడ మూల బోర్లించిన కుండ కిందనుంచి సీసా తీసి పెంటకుప్ప దగ్గరికి పోయాడు. నూనె చిక్కగా, తీరికగా కారింది. ఆయన సీసా తలకిందులుగా పట్టుకుని చివరి చుక్క దాకా నిలబడ్డాడు.

ఆదివారం పగలంతా పని సాగింది. పీరా దగ్గర ప్రెస్సు మిషను లేదు. పాత బుష్షులను వైసుకు బిగించి, పైపు ముక్క, పొడుగు బోల్టు పెట్టి కొద్దికొద్దిగా తిప్పుతూ బయటికి లాగాడు. ఓబిలేష్ పైపు పట్టుకున్నాడు. కొత్త రబ్బరు ఎక్కించేముందు జారడానికని అలవాటుగా గ్రీజు డబ్బా అందించబోయాడు.

"రబ్బరుకు నూనె ముట్టకూడదని నిన్ననే గదా చూసినావు," అన్నాడు పీరా. గిన్నెలో సబ్బు నీళ్లు కలిపి, పసిబిడ్డకు రుద్దినట్టు రబ్బరుకు రుద్ది నొక్కాడు. నున్నగా దిగింది. సబ్బు ఆరిపోతుంది, నూనె ఆరదు అన్నాడు. ఆ రోజంతా అతను మాట్లాడింది పని గురించే. టీ వచ్చినప్పుడు ఒక గ్లాసు ఓబిలేష్ వైపు జరిపాడు, అటు చూడకుండా. ఓబిలేష్ రెండుసార్లు "పీరన్నా, నేనన్న మాట..." అని మొదలుపెట్టాడు. రెండుసార్లూ పీరా పదిహేడో నంబరు పానా అడిగాడు.

సాయంత్రం బండి దించాక, "బోల్టులు పట్టు మటుకే బిగించినా," అన్నాడు. "రబ్బరును గాల్లో బిగిస్తే మెలి తిరిగే ఉంటాది, బిన్నా, నాలుగు నాళ్లకే చిట్లుతాది. మనుషులు కూచుంటే బండి ఎంత వంగుతాదో, ఆ వంగిన తావ బిగించాల. పొద్దున వాళ్లు ఎక్కే యాళకి నేనే వస్తా. మెల్లగ తోలుకోని పో."

సోమవారం తెల్లవారుతూ పీరా మోపెడ్ వాకిట్లో ఆగేసరికి ఆడవాళ్లు గిన్నెలతో వచ్చి ఉన్నారు. పీరా పట్టా పరుచుకుని కిందికి దూరాడు. "ఎక్కండమ్మా," అన్నాడు కిందినుంచి.

ఎవరూ ఎక్కలేదు. సిద్దమ్మ తొట్టి తలుపు మీద చేయి వేసి నిలబడింది.

"ఓబిలేసూ, బండి నోరు మూయించినావు సరే. నీ నోటి సంగతేంది?"

"ఏందక్కా?"

"గ్రూపులో మాట్లాడినావంట. పీరా మోసగాడు, మనుషుల ప్రాణాలతో ఆడతాడు అని. మా ఇండ్లల్లో మగోళ్లంతా ఇన్యారు. నిన్న మా ఆయన అంటాడు, ఆ మోసగాడు రిపేరి చేసిన బండి ఎట్లెక్కుతావే అని. ఏం చెప్పేది? ఆ మాట అట్లే తిరుగుతాంటే మేం ఎట్లెక్కాల?"

"రాత్రి మా అత్తా అదే," అంది ఈశ్వరి. ఈసారి నవ్వలేదు. "భరత్ బండికి చెప్పి పెట్టినా పో అనింది."

బండి కింద పానా చప్పుడు ఆగిపోయింది. పట్టా అంచున పీరా పాదాలు మాత్రం కనపడుతున్నాయి, మడమలు పగిలి, కదలకుండా.

ఓబిలేష్ ఫోన్ తీశాడు. బొటనవేలు అదిమిపెట్టాడు.

"అన్నలారా, ఓబిలేష్‌ను. బుధవారం పీరన్న గురించి ఒక మాట చెప్పినా. అది తప్పు. ఆయన ఏసింది అసలు సరుకే. రబ్బరుకు నూనె తగిలి..."

"యాడినుంచి తగిలింది?" అంది సిద్దమ్మ. "నూనె ఉండేది పీరా తావే గదా. మళ్లా ఆయనే అంటారు."

అరుగు మీద ఎర్రన్న కూచుని ఉన్నాడు. ఓబిలేష్ అటు చూడకుండా ఉండటానికి మెడ బిగబట్టాడు. "మా ఇంట్లోనే... తెలీక పూసినాం. నాదే తప్పు. ఎవుర్నీ అడక్కుండా, ఏమీ తెల్సుకోకుండా..."

కర్ర చప్పుడైంది. ముసలాయన వచ్చి ఫోనుకు నోరు దగ్గరగా పెట్టి, దూరాన పొలంలో ఉన్న మనిషిని పిలిచినట్టు అరిచాడు.

"ఎర్రన్నను మాట్లాడతాండా! పూసింది వాడు కాదు, నేను! చెదలకని చెప్పి నూనె తెచ్చింది గూడా నేనే! పీరాదేం లేదప్పా!"

అదిరిపడి ఓబిలేష్ వేలు లేచిపోయింది. మాట వెళ్లిపోయింది.

తర్వాత కిందినుంచి పీరా దగ్గాడు. "అయిపోయిందా? ఎక్కండి ఇంగ. వీపు పట్టుకుంటాంది నాకు."

సిద్దమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి చెక్కి ముందుగా ఎక్కింది. మిగతావాళ్లు ఎక్కారు. పదమూడు మందే ఉన్నారని ఎవరో అన్నారు, ఒకామెకు జ్వరం.

"ఎర్రన్నా, నువ్వెక్కు," అన్నాడు పీరా. "బరువు సరిపోవాల."

"సీసా తెచ్చుకోలేదు గదా ఎర్రన్నా?" అంది ఈశ్వరి చేయి అందిస్తూ. తొట్టంతా గొల్లుమంది. ముసలాయన నవ్వలేదు గానీ చేయి పట్టుకున్నాడు.

బండి వంగింది. పీరా ఒక్కో బోల్టూ ఊపిరి బిగబట్టి తిప్పడం పైకి వినిపించింది. బయటికి వచ్చి దుమ్ము దులుపుకుని, మోపెడ్ వైపు పోకుండా, ముందు తలుపు తీసుకుని ఓబిలేష్ పక్కన కూచున్నాడు.

"దిగుడు దాకా వస్తా."

ఓబిలేష్ బండి తీశాడు. దిగుడు అర కిలోమీటరు ఉందనగా అద్దం దించాడు. రెండో గేరు. ఎడమకి తిప్పాడు. చక్రం గుంతలో పడి లేచింది. వెనక మాటలు ఆగలేదు. ఎవరో ఎవరి కోడలి గురించో చెబుతూనే ఉన్నారు. కుడికి తిప్పాడు. కమ్మీలు దగ్గరికొచ్చి, పక్కకు జరిగి, వెనక్కి పోయాయి. బ్రిడ్జి మధ్యలో అతను, "పీరన్నా, ఏమన్నా ఇనపడిందా?" అన్నాడు.

పీరా తలుపుకు తల ఆనించి నిద్రపోయాడు. కళ్లజోడు ముక్కు చివరికి జారింది, నోరు కొంచెం తెరుచుకుంది. ఎన్ని రోజులైందో ఆయన సరిగ్గా నిద్రపోయి.

క్యాబిను పైకప్పు మీద సిద్దమ్మ అరచేత్తో దబదబ బాదింది. "ఏమప్పా, పెండ్లికూతురు నడక! ఎండెక్కుతాంది, తోలు!"

ఓబిలేష్ క్లచ్చు తొక్కి, పక్కన మనిషి కదలకుండా, మెల్లగా మూడో గేరులో వేశాడు.